పాయిజనర్స్ కిట్టా, హెర్బలిజం కిట్టా: మొదటి లెవెళ్లలో ఏది మేలు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథా ఆటలో కొత్తగా రోగ్ (దొంగచాటు దెబ్బల వీరుడు) క్యారెక్టర్ రాసుకునేవాళ్ల చూపు ముందు విషం సీసా మీదే పడుతుంది. ప్రకృతి మాంత్రికుడైన డ్రూయిడ్‌కి హెర్బలిజం కిట్ (మూలికలతో మందులు చేసే సామాను) వాడకం క్లాసుతోనే వస్తుంది కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరు. కానీ లెక్క వేస్తే ఐదో లెవెల్ దాకా మూలికలదే పైచేయి. ఇవన్నీ ఆ ఆట ఐదో ఎడిషన్, 2014 నియమాల లెక్కలు.

హెర్బలిజం కిట్ 5 గోల్డ్ (ఆటలోని బంగారు నాణేలు), విషాలు చేసే పాయిజనర్స్ కిట్ 50. బేసిక్ పాయిజన్ సీసా విడిగా 100. అది ఒక కత్తికో, మూడు బాణాలకో వస్తుంది. పూయడానికి ఒక యాక్షన్ (పోరులో మీ వంతుకి చేసే ముఖ్యమైన పని) పోతుంది, పూత ఒక్క నిమిషమే నిలుస్తుంది. దెబ్బ తిన్నవాడు డీసీ 10 కాన్‌స్టిట్యూషన్ సేవ్ (20 ముఖాల పాచికకి ఒంటి దార్ఢ్యం బోనస్ కలిపి డీసీ అంకెని అందుకోవడం) తప్పితే 1డీ4 డ్యామేజ్, అంటే నాలుగు ముఖాల పాచిక ఒకటి వేసినంత. గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడికి ఆ బోనస్ సున్నా, 9, ఆ లోపు పడితే సేవ్ పోయినట్టే. అంటే 45 శాతం, సగటున దెబ్బకి 1.1 పాయింట్లు. ఓగర్ అనే భారీ రాక్షసుడికి +3 కాబట్టి ముప్పావు పాయింటు. ఆ యాక్షన్‌తో షార్ట్‌సోర్డ్ తగిలించి ఉంటే 1డీ6+3, అంటే ఆరున్నర! పైగా అస్థిపంజరాలకీ జాంబీలకీ విషం అసలు పనిచేయదు. పాడుబడ్డ కోటల్లో తిరిగే క్యాంపెయిన్ అయితే ముందే డీఎంని (ఆట నడిపేవాడిని) అడగండి.

హెర్బలిజం కిట్‌తో చేసే హీలింగ్ పోషన్ (గాయాలు మాన్పే మందు) 2డీ4+2, సగటు 7. తాగినవాడికి సేవ్ గొడవే లేదు, పడిపోయినవాడు లేచి నిలబడతాడు. 2017లో వచ్చిన అదనపు నియమాల ప్రకారం 25 గోల్డ్ ముడిసరుకు, ఒక రోజు పని. పాత పద్ధతిలో రోజుకి 5 గోల్డ్ విలువ పనే సాగుతుంది కాబట్టి బేసిక్ పాయిజన్‌కి 20 రోజులు. అంత ఖాళీ ఇచ్చే డీఎం అరుదు. విషాన్ని తట్టుకునే మందు యాంటీటాక్సిన్‌కి 10 రోజులు, 25 గోల్డ్ ముడిసరుకు. దాన్ని విషం ఎక్కాక తాగితే పెద్దగా ఉపయోగం లేదు, ముందే తాగాలి. గంటసేపు విషం సేవ్‌లకి అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) ఇస్తుందంతే, ఎక్కిన విషాన్ని దింపదు.

మరి విషం గెలిచేదెక్కడ? కొనకుండా పిండుకున్నప్పుడు. చచ్చిన జెయింట్ పాయిజనస్ స్నేక్ నుంచి తీసిన విషం 3డీ6, సేవ్ డీసీ 11, గెలిచినా సగం తగులుతుంది. బజార్లో 200 గోల్డ్ సరుకు! తీయడానికి 1డీ6 నిమిషాలు, డీసీ 20 చెక్ (సేవ్ లాగే పాచిక వేసి చేసే నేర్పు పరీక్ష). మీ బోనస్ +5 అయితే 15, ఆ పైన పడాలి, 30 శాతం. పది, ఆ లోపు పడితే ఆ విషం మీకే తగులుతుంది, అది సగం సార్లు. పక్కవాడు సాయం చేస్తే అడ్వాంటేజ్ వచ్చి గెలుపు 51 శాతానికి పెరుగుతుంది, ప్రమాదం 25కి దిగుతుంది. ఒంటరిగా మాత్రం పాము కోరల జోలికి వెళ్లకండి.

భోజనంలో కలిపేవి వేరే సంగతి. అసాసిన్స్ బ్లడ్ 150 గోల్డ్, డీసీ 10, 1డీ12. ప్రాణం తీస్తుందని కాదు, సేవ్ తప్పినవాడు 24 గంటలు పాయిజన్డ్‌గా ఉంటాడు. మర్నాటి పోరులో వాడి ప్రతి దాడికీ డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవడం). దీన్ని మాత్రం ధర చూడకుండా కొనొచ్చు. వడ్డించేది మరుగుజ్జు దొరకయితే మానుకోండి, డ్వార్ఫ్‌లకి విషం సేవ్‌పై పుట్టుకతోనే అడ్వాంటేజ్.

మూలికల ఏరుడుకి డీఎం సొంత నియమం పెట్టుకోవాలి. కృష్ణ లంకల్లాంటి నేలలో డీసీ 10, కొండపల్లి అడవిలాంటి చోట 12, కొండవీడు రాళ్లలాంటి చోట 15. గెలిస్తే 1డీ4 కట్టలు, కట్ట 5 గోల్డ్ ముడిసరుకు. తిప్పతీగ, నేలవేము అని పేర్లు పెడితే అందరికీ కళ్లకి కడతాయి. బృందానికి రోజుకొక్క చెక్ అనకపోతే ఐదుగురూ విడివిడిగా వేసి పోషన్ల దుకాణం పెట్టేస్తారు. ఉమ్మెత్త, గన్నేరు పేర్లు వాడుకున్నా తయారీ వర్ణన అనవసరం, అవి బయట నిజంగానే ప్రాణం తీసేవి.

గుంటూరు టేబుల్‌కి మిరపపొగ లేకపోతే లోటే. పీల్చే విషంలా రాయండి: ఒక డోసు 5 అడుగుల ఘనం, డీసీ 12, తప్పితే తన తర్వాతి టర్న్ అయ్యేదాకా పాయిజన్డ్. విసిరేముందు 1డీ8తో గాలి దిక్కు తేల్చాలి. ఎదురుగాలి పడితే ముందు దగ్గేది విసిరినవాడే.