మిద్దె తోటకు చవక కుండీలు: ఏది ఎండకు నిలిచింది, ఏది పెళుసైపోయింది

ముందే చెప్పేస్తాను: చేతిలో డబ్బు చూసుకుని మేడ మీద కూరగాయలు వేసుకునేవాళ్లకు ఖాళీ పెయింటు బకెట్టును మించిన కుండీ లేదు. గ్రో బ్యాగులు, థర్మోకోల్ పెట్టెలు, సిమెంటు సంచులు, సగానికి కోసిన డ్రమ్ములు అన్నీ ఏళ్ల తరబడి పక్కపక్కనే పెట్టి వాడాక చెబుతున్న మాట ఇది. అలాగని మిగతావి పనికిరావని కాదు. ఏ పంటకు ఏది, మేడ మీద ఏ మూలన, అన్నదే అసలు విషయం.

బకెట్టంటే ఎమల్షన్, అంటే గోడలకు వేసే నీళ్లలో కలిసే రంగు వచ్చే 20 లీటర్ల తెల్ల బకెట్టు. ఎత్తు 14, 15 అంగుళాలు, మూతి దాదాపు అడుగు. రంగులేసే మేస్త్రీని అడిగితే ఊరికే ఇచ్చేస్తాడు, పాత సామాన్ల కొట్లో 60 నుంచి 100 రూపాయల దాకా అడుగుతారు. వంగ, మిరప, టమాటా అయితే బకెట్టుకు ఒక మొక్క. బెండ రెండు పెట్టొచ్చు. తెచ్చుకునే ముందు వాసన చూడండి. నీళ్లలో కలిసే రంగుదైతే రాత్రంతా నీళ్లు నింపి ఉంచితే పొద్దున్నకి లోపలి పొర తోలులా ఊడివస్తుంది. దాన్ని చెత్తలో వేయాలి, తోటలో కాదు. థిన్నర్ వాసన కొట్టే ఎనామిల్ డబ్బాలు తినే మొక్కలకు వద్దు. పూలమొక్కలకైనా నేనైతే వాడను.

ఎక్కువమంది పప్పులో కాలేసేది చిల్లుల దగ్గర. అడుగున నడిమధ్య ఒక్క చిల్లి పెడితే, బకెట్టు స్లాబుకు అతుక్కుని కూర్చోగానే అది మూసుకుపోతుంది. తర్వాత వాన పడితే లోపల చెరువే. పక్కగోడకు, అడుగు నుంచి అర అంగుళం ఎత్తులో, చుట్టూ నాలుగైదు చిల్లులు పెట్టాలి. అడుగున ఇంకో రెండు చాలు. 8 మి.మీ. డ్రిల్లు బిట్టు సరిపోతుంది. డ్రిల్లు లేకపోతే ఇనుప చువ్వ కాల్చి గుచ్చవచ్చు, అయితే ఆరుబయట, గాలి మీ వెనకనుంచి వీచేలా నిలబడి, ఆ పొగ పీల్చకుండా. మేకు పెట్టి సుత్తితో కొట్టారో ప్లాస్టిక్కు నెర్రె విడుస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ నెర్రె పైకి పాకుతుంది.

చిల్లి మీద కొబ్బరి పీచో, పాత దోమతెర ముక్కో వేస్తే చాలు. గులకరాళ్ల పొర వేయాలని చాలామంది గట్టిగా చెబుతారు. అక్కర్లేదు. పైనుంచి దిగే నీరు రాళ్ల దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ పైనున్న మట్టి బాగా తడిసి నిండితే గానీ రాళ్లలోకి జారదు. రెండంగుళాల రాళ్లు వేశామంటే వేళ్లకు రెండంగుళాల చోటు తగ్గినట్టే, నీరు పోయేదేమీ పెరగదు.

బకెట్టుకు చావు మూతి దగ్గర మొదలవుతుంది. పడమటెండ తగిలే వైపు నునుపు పోయి సుద్దలా తయారవుతుంది, వేలితో రాస్తే తెల్లపొడి అంటుతుంది. అది కనిపించాక దాన్ని అంచు పట్టుకుని లేపకూడదు, అంచు ముక్క చేతికొస్తుంది. తీగ పిడి సంగతి చెప్పక్కర్లేదు, అది తగిలించిన చెవి ఇంకా ముందే విరుగుతుంది. మట్టి ఎక్కువ వేసి తడిపిన బకెట్టు 30 కిలోలకు తగ్గదు కాబట్టి ఎప్పుడు జరిపినా అడుగున చేయి వేసే జరపాలి. కదపకుండా ఉంచితే మూడు నాలుగు ఎండాకాలాలు వస్తుంది. పడమటి వరుసకు పాత గోనెపట్టా చుట్టిపెడితే ఇంకొంచెం లాగుతుంది. లోపలి మట్టి కూడా చల్లగా ఉంటుంది.

ఇక గ్రో బ్యాగులు. ఈ పేరుతో అమ్మేవి నిజానికి రెండు వేర్వేరు వస్తువులు. ఒకటి హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్కుతో నేసిన పట్టాతో గుండ్రంగా కుట్టిన సంచి, ఎక్కువగా ఆకుపచ్చ రంగులో దొరుకుతుంది. రెండోది బయట తెలుపు, లోపల నలుపు ఉండే పాలిథిన్ కవరు. రెండింటి మీదా 12 × 12 అనే రాసి ఉంటుంది. కుట్టిన సంచిలో 12 అంటే మూతి వెడల్పు, కాబట్టి దాదాపు 22 లీటర్ల మట్టి పడుతుంది. కవరులో 12 అంటే చదునుగా పరిచినప్పటి వెడల్పు. అది నింపితే గుండ్రమై వెడల్పు ఏడున్నర అంగుళాలకు దిగుతుంది, అడుగు మడత కూడా పోగా పట్టేది ఏడెనిమిది లీటర్లు. అంటే మూడో వంతు. ధర తక్కువని కవర్లు తెచ్చి వంగ వేస్తే, మొక్క మోకాలెత్తు కూడా రాకుండానే వేళ్లు చుట్టుకుపోతాయి, మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తుంది. కవరు నారుకు, పుదీనాకు, మహా అయితే ఒక్క మిరప మొక్కకు సరే.

కుట్టిన సంచుల్లో 220 జీఎస్ఎంకు (చదరపు మీటరు పట్టా బరువు గ్రాముల్లో) తగ్గనివి తీసుకోండి. ఎండను తట్టుకునేలా చేసిన పట్టా అని కూడా రాసి ఉండాలి. ఇంత చూసినా ఒక లోపం మిగులుతుంది: పట్టా నిక్షేపంలా ఉంటుంది, దారం పోతుంది. అడుగు చుట్టూ ఉండే కుట్టు ఎండకు చివికి, ఒకరోజు నీళ్లు పోస్తుంటే నోరు తెరుస్తుంది. కొనగానే, మట్టి నింపకముందే, అడుగు కుట్టు వెంట గాలం వేసే నైలాన్ దారంతో, దబ్బనం పెట్టి, అంగుళానికో కుట్టు చొప్పున ఇంకో వరుస వేసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. సంచికి పావుగంట పని. పిడి కుట్లు నమ్మొద్దు, అవి ఖాళీ సంచి మోయడానికే.

నింపడంలో ఒక కిటుకుంది. మూడో వంతు నింపి, తడిపి, అడుగు మూలలు చేత్తో నొక్కి గుండ్రంగా కూర్చోబెట్టాక మిగతాది పోయాలి. ఒక్కసారిగా పోస్తే సంచి ఓ పక్కకు ఒరుగుతుంది, నీళ్లన్నీ ఆ వైపే జారతాయి. ఆకుకూరలకు 24 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు ఉన్న సంచి చక్కగా ఉంటుంది. తోటకూర, పాలకూర, చుక్కకూర కోసిన కొద్దీ వస్తాయి.

బరువు సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. 15 × 15 కుట్టు సంచిలో 43 లీటర్లు పడుతుంది. ఒట్టి ఎర్రమట్టి నింపి తడిపితే 70 కిలోలు. మనుషులు తిరిగే చదును మేడకు, కట్టడాల మీద పడే బరువుల లెక్క చెప్పే మన ఐఎస్ 875 ప్రమాణం చెప్పేది చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే 150 కిలోల లెక్క. ఆ చదరపు మీటరులో అలాంటి సంచులు నాలుగు పెట్టినా 280 కిలోలు. కాబట్టి బరువైనవన్నీ దూలాల మీదకు, కింద గోడ ఉన్న చోటికి రావాలి. గది నడిమధ్య పైభాగాన ఆకుకూరలు మాత్రమే ఉంచాలి. పాత ఇల్లయితే ఇంజనీరును అడక్కుండా పెద్ద సంచుల జోలికి పోవద్దు.

మిశ్రమం తేలికగా ఉంటే భారం బాగా తగ్గుతుంది. మేం వాడేది ఎర్రమట్టి మూడు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు నాలుగు పాళ్లు, కొబ్బరి పొట్టు మూడు పాళ్లు, బకెట్టుకు 100 గ్రాముల వేపపిండి. 5 కిలోల కొబ్బరి పొట్టు ఇటుక నానితే 65 నుంచి 75 లీటర్లవుతుంది. దాన్ని రెండు మూడు నీళ్లు మార్చి పిండాలి, లేకపోతే అందులోని ఉప్పుకు నారు ఆకుల అంచులు మాడతాయి. చవకగా దొరికిందని పొట్టు సగానికి మించి కలిపితే టమాటా కాయ అడుగున నల్లమచ్చ వస్తుంది. అది తెగులు కాదు, కాల్షియం అందకపోవడం, ఒకరోజు ఎండగట్టి ఒకరోజు ముంచెత్తడం. మందు కొట్టినా పోదు. ఎరువు చివికి మట్టి కుంగడం కూడా మామూలే, పంటకోసారి మూడు నాలుగంగుళాలు దిగుతుంది. ఆ ఖాళీ ఎరువుతో నింపుకోవాలి.

థర్మోకోల్ పెట్టెల విషయంలో నాకు రెండు మనసులు. రోహిణి కార్తెలో కూడా లోపలి వేళ్లు చల్లగా ఉంటాయి, ఎండాకాలం కొత్తిమీర, మెంతి ఇందులో వచ్చినంత బాగా ఇంకెందులోనూ రాలేదు. చేపల మార్కెట్టు పెట్టెలు, ద్రాక్ష పెట్టెలు దాదాపు ఊరికే దొరుకుతాయి. కానీ ఏడాది తిరిగేసరికి పైపొర పచ్చబడి రాలడం మొదలవుతుంది, తెల్ల పూసలు గాలికి కొట్టుకుపోయి మేడ గొట్టాల్లో చేరతాయి. చీమలు గోడలో గూడు తొలుస్తాయి. బయట సున్నమో, నీళ్లలో కలిసే రంగో పూస్తే కొంత ఆగుతుంది. ఎనామిల్ మాత్రం పూయొద్దు, అందులోని థిన్నర్‌కు థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది. వానాకాలం మొదలయ్యే నాటికి పెట్టె రాలుతుంటే తీసి పారేయడమే మంచిది.

సిమెంటు సంచి ఎండలో ఒక్క వేసవి దాటదు. పోగులు పోగులుగా విడిపోతుంది, ఆ పోగులు మట్టిలో కలిస్తే ఏరలేం. అయినా ఒక చోట అది భేషుగ్గా పనిచేస్తుంది: పసుపు, అల్లం. రెండూ తొలకరికి వేసి సంక్రాంతి తర్వాత తవ్వేవి, రెండూ కాస్త నీడ కోరేవి. నీడలో సంచి ఆ ఎనిమిది నెలలూ ఆగుతుంది, తవ్వేటప్పుడు కోసేస్తే దుంప దెబ్బతినకుండా వస్తుంది. నింపే ముందు తిరగేసి సిమెంటు పొడి పోయేదాకా కడగాలి. డ్రమ్ము సంగతి: 200 లీటర్ల నీలం డ్రమ్మును అడ్డంగా కోస్తే నిమ్మకు, జామకు రెండు కుండీలు. లోపల ఇదివరకు ఏముండేదో అమ్మేవాడు చెప్పలేకపోతే తీసుకోవద్దు.

ఏ కుండీ అయినా కింద పెంకు ముక్కలో ఇటుక ముక్కలో పెట్టి రెండంగుళాలు లేపండి. స్లాబు మీద నీరు నిలవదు, చిల్లుల్లోంచి వేళ్లు బయటికి రావు, కింద ఊడ్చుకోవచ్చు. మే నెలలో కాపు మీదున్న వంగకు బకెట్టుకు రోజుకు రెండు లీటర్లు పడుతుంది, పొద్దున సగం, సాయంత్రం సగం. అప్పుడు టమాటా పూత రాలిపోతుంటే కుండీని తిట్టుకోకండి. రాత్రిళ్లు కూడా వేడి తగ్గకపోతే ఎంత పెద్ద కుండీలో ఉన్నా పిందె నిలవదు.

మూతి పెళుసైన బకెట్టును పాత సామాన్లకు వేసేయక్కర్లేదు. పెళుసు భాగం దాటి కింద గట్టిగా ఉన్నచోట, అడుగు నుంచి ఏడంగుళాల ఎత్తులో, రంపంతో చుట్టూ కోయండి. చిల్లులు ఎలాగూ ఉన్నాయి. మట్టి నింపి, ధనియాలు అరచేత్తో రెండు బద్దలయ్యేలా నలిపి చల్లి, పిట్టగోడ నీడన పెడితే ఇంకో రెండేళ్లు కొత్తిమీరకు పనికొస్తుంది.