చేపల గాలానికి 2500 రీలా, 4000 రీలా?
ధర్మసాగర్ చెరువు గట్టు మీద రెండూ వాడి చూశాను. రోజూ వెళ్లేవాళ్లకైతే నా ఓటు 2500 సైజు స్పిన్నింగ్ రీల్‌కే (గాలం కర్రకు బిగించే, తంగూసు చుట్టే చక్రం). చేతికి తేలిక, రబ్బరు కప్ప ఎరతో కొర్రమీను కోసం సాయంత్రమంతా విసిరినా మణికట్టు లాగదు. 4000 కాస్త బరువే, కానీ స్పూల్ (తంగూసు చుట్టుకునే ఉండ) పెద్దది, లావు తంగూసు ఎక్కువ పడుతుంది. పిండి ఎర వేసి కూర్చున్నప్పుడు పెద్ద బొచ్చె చేప పడి లోతుకు లాగిందంటే ఆ ధైర్యమే వేరు.

చిన్నదాంతో ఓసారి డ్రాగ్ (చేప గట్టిగా లాగితే తంగూసును జారనిచ్చే బ్రేకు) గట్టిగా బిగించి మరిచిపోయాను. తంగూసు టప్పున తెగింది. తప్పు రీల్‌ది కాదు, నాదే!

ఏది కొన్నా బేరింగుల లెక్క చూసి మురిసిపోకండి. కొట్లోనే డ్రాగ్ కాస్త వదులు చేసి తంగూసు లాగండి: కుదుపుల్లేకుండా మెత్తగా రావాలి. హ్యాండిల్ లొడలొడలాడితే అక్కడే పెట్టేసి రండి.