పాత ఎలక్ట్రిక్ కారు ఎక్స్ఛేంజీకి ఇస్తున్నారా? షోరూము వాళ్ల 18 శాతం జీఎస్టీ లెక్కతో జాగ్రత్త

వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో పాత ఎలక్ట్రిక్ కారు ఇచ్చి కొత్తది తీసుకుందామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు ముందు ఇది చదవండి. నిన్న సాయంత్రం నాకు జరిగింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి. షోరూము పేరు రాయడం లేదు. ఈ ఊళ్లో ఎలక్ట్రిక్ కార్ల కోసం తిరిగినవాళ్లకు ఎవరో తెలుస్తుంది.

నా కారు 2020 నాటిది, బ్యాటరీ ముప్పై కిలోవాట్ అవర్లు. ఉద్యోగానికి రోజూ జనగామ వెళ్లి వస్తాను, దానికి ఇప్పటికీ ఏ లోటూ లేదు. అమ్మను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లడం మొదలయ్యాకే పెద్ద బ్యాటరీ బండి ఆలోచన వచ్చింది. ఉప్పల్ దాకా దాదాపు 140 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని వెళ్లి అదే ఛార్జింగ్‌తో తిరిగి రావడం ఈ బండికి కుదరదు. ఎండలో ఛార్జర్ పక్కన అమ్మను కూర్చోబెట్టడం నా వల్ల కాదు.

ఎక్స్ఛేంజీ ధర 6,50,000 అని బండి చూసిన రోజే చెప్పారు, వాట్సాప్‌లో కూడా పంపారు. రోడ్డు పన్ను మినహాయింపు ఈ నెలాఖరుతో పోతుందని తొందరపెట్టి 25,000 బుకింగ్ కట్టించుకున్నారు. అదీ అబద్ధమే. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ఉంది.

నిన్న బండి అప్పగించడానికి వెళ్లాను. తాళాలు తీసుకున్నారు, స్కానర్ పెట్టి చూశారు. తరువాత ఒక అబ్బాయి కొటేషన్ కాగితాన్ని వెనక్కి తిప్పి నీలం పెన్నుతో లెక్క మొదలుపెట్టాడు. పైన 6,50,000. కింద జీఎస్టీ 18 శాతం, 1,17,000. దాని కింద బ్యాటరీ తరుగు, 90,000. రెండూ తీసేసి 4,43,000 అని రాసి, ఆ అంకె చుట్టూ రెండుసార్లు గీత గీసి నా ముందుకు తోశాడు. నా బండి నేను అమ్ముతుంటే నా ధరలో జీఎస్టీ ఎందుకు కోస్తారని అడిగాను. మేనేజర్ వచ్చాడు. కాగితం వైపు చూడనైనా చూడలేదు. "మేడమ్, ఇవన్నీ మీకు అర్థం కావు. మీ సార్‌ను పంపించండి, ఆయనతో మాట్లాడతాం" అన్నాడు. పక్కన మా అమ్మాయి నిలబడి వింటోంది.

ఆర్‌సీ నా పేరు మీద ఉంది. వాయిదాలన్నీ నా జీతంలోంచి కట్టాను. బుకింగ్ డబ్బు నా ఖాతాలోంచి వెళ్లింది, అది తీసుకున్న రోజు మా వారి ఊసే ఎవరూ ఎత్తలేదు. అంతవరకూ "అక్కా, కూర్చోండి అక్కా, టీ తాగండి అక్కా" అన్న అబ్బాయి కూడా తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. రెండు లక్షలు కోసినందుకు వచ్చిన కోపం ఒక ఎత్తు, పదిహేనేళ్ల పిల్ల ముందు అన్న ఆ మాట ఒక ఎత్తు.

నాకు అర్థం కాదన్న లెక్క ఇదీ. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన సమావేశంలో జీఎస్టీ మండలి వాడిన ఎలక్ట్రిక్ కార్ల మీద పన్నును 12 నుంచి 18 శాతానికి పెంచిన మాట నిజం. కానీ అది బండి మొత్తం ధర మీద కాదు, వ్యాపారికి మిగిలే లాభం మీద. నా దగ్గర 6,50,000కు కొని 7,00,000కు అమ్మితే పన్ను ఆ 50,000 మీదే, అంటే 9,000. లాభం లేకపోతే పన్నే లేదు. నా ధరలోంచి 1,17,000 కోయడానికి ఏ ఆధారమూ లేదు.

బ్యాటరీ సంగతి ఇంకా ఘోరం. సామర్థ్యం 71 శాతమే మిగిలిందని, మార్చాలంటే లక్షలవుతుందని బెదిరించారు. రిపోర్టు కాపీ అడిగితే ఇవ్వలేదు. వాళ్లు చూసినప్పుడు ఛార్జింగ్ సగం కూడా లేదు. మా బండిలో ఉన్నవి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్. ఛార్జింగ్ మధ్యస్థంగా ఉన్నప్పుడు వాటి వోల్టేజీ పెద్దగా మారదు కాబట్టి అప్పుడు వేసే అంచనా తప్పడం మామూలే. అప్పుడప్పుడూ నూరు శాతం దాకా నెమ్మదిగా ఎక్కిస్తేనే లెక్క కుదుటపడుతుంది. రాత్రంతా ఇంట్లో ఛార్జింగ్ పెట్టి ఈ ఉదయం వేరే సర్వీస్ సెంటర్‌లో చూపించాను. 86 శాతం అని కాగితం చేతికిచ్చారు. పైగా బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ, అది ఇంకా తీరనే లేదు.

నిన్న తాళాలు వెనక్కి తీసుకోవడానికి గొంతు పెంచాల్సి వచ్చింది. బుకింగ్ డబ్బులో రద్దు ఛార్జీ కింద 10,000 కోస్తామంటున్నారు. రసీదులో ఆ మాటే లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇచ్చాను. మొత్తం డబ్బు వెనక్కి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఆ నీలం పెన్ను కాగితం నా దగ్గరే ఉంది.

కొత్త బండి అవసరం తీరలేదు, కొంటాను. పాతది మాత్రం విడిగా అమ్ముతాను, మామూలు మనిషి మరో మామూలు మనిషికి అమ్మితే జీఎస్టీ ఉండదు. మీరు ఎక్స్ఛేంజీకే వెళ్తే ధరను షోరూము ముద్రతో రాయించుకున్నాకే బుకింగ్ కట్టండి, బ్యాటరీ రిపోర్టు ముందే వేరే చోట తీయించుకోండి. ఇంకొకటి, బండిని కొన్నవాళ్ల పేరు మీదికి మార్చే ఫారం 29, 30 ఖాళీగా ఇచ్చి సంతకం పెట్టమంటారు, నన్నూ అడిగారు. పెట్టకండి. పేరు మారేలోపు ఆ బండి ఎవరినైనా గుద్దితే రికార్డులో ఉన్న పేరే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.