నా పార్టు నాకే అమ్మాడు: పాత మియాటా ఉన్నవాళ్ళు జాగ్రత్త

చేతులకి గ్రీజు ఇంకా వదల్లేదు. కోపం చల్లారితే రాయను, అందుకే ఇప్పుడే రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో ఇంటి గ్యారేజీలోనే పాత జపాన్ కార్ల పార్టులు అమ్మి, బిగించి కూడా ఇచ్చే అన్న. పేరు రాయను, బే ఏరియాలో మియాటా (మాజ్డా వాళ్ళ రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) ఉన్న తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. నాకు చెప్పింది ఒక ఫ్రెండు. "మనవాడేరా, మోసం చెయ్యడు" అన్నాడు. ఆ మాట విన్న క్షణమే కారు వెనక్కి తిప్పాల్సింది.

కారు 1991 మోడల్, 1.6 ఇంజిన్. నెల రోజులుగా ఎక్కిళ్ళు. ఐడిల్‌లో పిల్లిలా ఉంటుంది. మిషన్ బులవార్డ్ దగ్గర 680 ఫ్రీవే ఎక్కుతూ ఆక్సిలరేటర్ తొక్కానంటే ఒక్క సెకను ఊపిరి బిగబట్టి, జర్క్ ఇచ్చి, అప్పుడు లాగుతుంది. వెనకాల ట్రక్కు వస్తుంటే ఆ సెకను ఎంతసేపు ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చేశా. తేడా లేదు. స్మాగ్ టెస్ట్, అంటే కారు పొగ పరీక్ష, గడువు ఒకటి నెత్తిమీద.

అన్న ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. "స్కానర్ పెట్టా తమ్ముడూ. ఎయిర్‌ఫ్లో మీటర్ పోయింది."

నేను తలూపాను! 1991 కారుకి స్కానర్ ఎక్కడ పెడతాడండీ? ఇప్పుడు అందరూ స్కానర్ గుచ్చే ఆ ఓబీడీ టూ పోర్టు అమెరికాలో అన్ని కార్లకీ తప్పనిసరి అయింది 1996 నుంచి. నా కారుకి బానెట్ కింద చిన్న నల్ల డబ్బా ఉంటుంది, అందులో రెండు పిన్నుల్ని వైరు ముక్కతో కలిపి, లైటు ఎన్నిసార్లు మినుకుమంటుందో లెక్కపెట్టుకోవాలి. ఇది నాకు తెలుసు. తెలిసీ తలూపాను. గొర్రె అయినా ఒకసారి "మే" అనేది.

మీటర్ పోవడం అసాధ్యమేమీ కాదు, అందుకే పడ్డాను. లోపల ఒక రెక్క ఉంటుంది, గాలి తోస్తే తెరుచుకుంటుంది. దానికున్న ముల్లు కార్బన్ పట్టీ మీద జారుతూ ఎంత గాలి వస్తోందో కంప్యూటర్‌కి చెబుతుంది. ముప్పై ఏళ్ళు ఒకే చోట రాసుకుంటే పట్టీ అరుగుతుంది, ఎక్కిళ్ళు వస్తాయి. రీబిల్ట్ మీటర్, అంటే పాతదాన్ని విప్పి లోపల బాగుచేసింది, 420, బిగించడానికి 120. పాతది ఎక్స్ఛేంజ్ కింద తనే ఉంచుకుంటానన్నాడు. 540 డాలర్లు జెల్‌లో (ఫోన్‌లోంచి బ్యాంకుకి డబ్బు పంపేది) కొట్టేశా. రసీదు అడగలేదు. మనవాడు కదా, బాగోదు కదా.

ఇంటికొచ్చే దారిలోనే, అదే ర్యాంప్ మీద, అదే ఎక్కిళ్ళు.

రాత్రి బానెట్ ఎత్తి టార్చ్ వేశా. మీటర్ మీద మూత నల్లగా నిగనిగలాడుతోంది, కొత్త పెయింటు వాసన కూడా పోలేదు. ఒక మూల మాత్రం ఏదో చిన్న ఉబ్బు. గోటితో గీకా. నల్ల పెయింటు పెచ్చులా లేచింది, కింద గులాబీ రంగు. ఇంకొంచెం గీకితే సీతాకోకచిలుక రెక్క.

కిందటేడు నేను ఎయిర్ ఫిల్టర్ మారుస్తుంటే మా ఐదేళ్ళ పిల్ల పక్కన కూర్చుని అంటించిన స్టిక్కర్ అది.

పెయింటు ఇంకా గీకి చూస్తే మూత చుట్టూ కంపెనీ సీలు అలాగే ఉంది, కత్తి గాటు కూడా లేదు. అంటే విప్పనే లేదు. నా మీటర్ తీసి, తుడిచి, రంగేసి, నాకే అమ్మాడు!

ఫోన్ చేశా. "అన్నా, ఇది నా మీటరే కదా?" అన్నా. రెండు సెకన్లు మాట లేదు. తర్వాత, "లోపల సరుకు కొత్తది తమ్ముడూ, పైడబ్బా ఎవరిదైతే ఏంటి?" అన్నాడు. సీలు తియ్యకుండా లోపలికి ఎలా వెళ్ళావన్నా అని అడిగా. "మీరు కోడింగ్ రాసుకోండి సార్, ఇంజిన్లు మాకు వదిలెయ్యండి." తమ్ముడు కాస్తా సార్ అయిపోయాడు. పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. 540 పోయినందుకు కాదు, ఆ నవ్వుకే రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి వాట్సాప్‌లో బ్లాక్. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది నా పని.

అసలు రోగం ఏంటో ఈ పొద్దున దొరికింది. మీటర్ నుంచి ఇంజిన్ ముందుగా అడ్డంగా వెళ్ళే లావు ట్యూబు ఉంది చూడండి, రెండు చేతులతో వంచితే మడతల మధ్య నోరు తెరిచింది. ఐడిల్‌లో మూసుకునే ఉంటుంది. తొక్కగానే ఇంజిన్ ఊగుతుంది, చీలిక తెరుచుకుంటుంది, మీటర్ లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది, పెట్రోల్ చాలక ఎక్కిళ్ళు. టేపు గట్టిగా చుట్టి ర్యాంప్ ఎక్కా. ఒక్క జర్క్ లేదు. ట్యూబు ఆర్డర్ పెట్టా.

మీటర్ మారుస్తామంటే ముందు ఆ ట్యూబు వంచి చూడండి. రెక్కని మెల్లగా తోస్తూ ముల్లు కదిలే పాతరకం మల్టీమీటరుతో ఓల్టేజ్ చూడమనండి, సాఫీగా మారాలి, మధ్యలో ఎక్కడా ఒక్కసారిగా ఎగరకూడదు, పడకూడదు. పని మొదలవ్వక ముందే రాతపూర్వకంగా ఎస్టిమేట్, పాత పార్టు వెనక్కి అడగండి, కాలిఫోర్నియాలో ఆ హక్కు మనకుంది. ఎక్స్ఛేంజ్ అంటే కనీసం కళ్ళతో చూపించమనండి. నేను బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్‌కి (రిపేరు షాపుల్ని చూసే రాష్ట్ర శాఖ) కంప్లైంట్ పెడుతున్నా, జెల్ డబ్బుల మీద మాత్రం ఆశ లేదు.

ఇంకోటి. నా కారుకి మీటర్ బిగిస్తూ, ఈ శనివారం శాక్రమెంటోలో ఎవరిదో తెల్ల మియాటాకి "రీబిల్ట్ మీటర్" వేస్తున్నానని అన్నాడు. ఆ తెల్ల కారు మీదైతే డబ్బు ఇంకా పంపకండి. ఈ లోపు మీ మీటర్ అడుగున మార్కర్‌తో ఏదైనా గీత గీసి పెట్టుకోండి.