క్యూలో నిలబడటమా, కెంట్ పెట్టె ఇవ్వటమా: 1980ల రొమేనియా

విదేశీ అప్పులు తీర్చడానికి కమ్యూనిస్టు నియంత చౌషెస్కు ప్రభుత్వం తిండిసరుకులు ఎగుమతి చేస్తూ పోయింది. దేశంలో మాంసం, గుడ్లు, వెన్న దొరకడమే గగనమైంది. సామాన్యుడికి మిగిలినవి రెండు దారులు: సర్కారు దుకాణం ముందు క్యూ, లేదా కెంట్ సిగరెట్ల పెట్టె లంచంగా ఇచ్చి చాటు బేరం.

ఖర్చు: క్యూలో సర్కారు ధరే. రెండో దారిలో ఆ పైన అమెరికన్ కెంట్ సిగరెట్ల పెట్టె ముట్టజెప్పాలి. అది చాలాసార్లు కాల్చడానికి కాదు, సీలు తీయకుండానే కసాయి నుంచి డాక్టరు దాకా చేతులు మారేది.

శ్రమ: క్యూ అంటే తెల్లవారకముందే, వణికించే చలిలో. ఖాళీ సంచి పెట్టి వరుసలో చోటు ఆపుకునేవారు. ముందు నిలబడటం, ఏం అమ్ముతున్నారో తర్వాత అడగటం. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ బదులు ముసలివాళ్ళు నిలబడేవారు. ఆ వయసులో వాళ్ళకు ఎంత అన్యాయం! వంతు వచ్చేసరికి సరుకు అయిపోతే ఉత్త చేతులే. కెంట్ ఉంటే వెనక తలుపు నుంచి పొట్లం వచ్చేది.

రిస్కు: క్యూలో నోరు జారకుండా ఉంటే చాలు, రహస్య పోలీసు సంస్థ సెక్యూరిటాటే చెవులు ఎక్కడైనా ఉండొచ్చు. చాటు బేరం పట్టుబడితే కేసే. నెల అవసరానికి మించి తిండి నిల్వ చేస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ళ జైలని 1981లోనే డిక్రీ వచ్చింది.

ఇంట్లో తీరికున్న మనిషి ఉంటే రోజువారీ తిండికి క్యూయే నయం. ఒంటరి తల్లికి, రోగి ఉన్న ఇంటికి చాటు దారే గతి, అందులో తప్పుపట్టేదేమీ లేదు. ఉన్నది ఒక్క పెట్టే అయితే మాంసానికి ఖర్చు చేయకుండా ఆపరేషన్ రోజున డాక్టరుకు ఇవ్వడానికి దాచుకోవడం మేలు.