జానీ డాడ్స్, జార్జ్ లూయిస్: ముందు ఎవరిని వినాలి?

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరపు పాత జాజ్ సంగీతంలో క్లారినెట్ అనే ఊదే వాద్యం వినాలని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేవి రెండు పేర్లు. జానీ డాడ్స్ 1892లో పుట్టారు, జార్జ్ లూయిస్ 1900లో. వయసులో ఎనిమిదేళ్లే తేడా. కానీ వాళ్ల గొప్ప రికార్డుల మధ్య దాదాపు ఇరవై ఏళ్ల దూరం ఉంది.

డాడ్స్ 1923లో జాజ్ బృంద నాయకుడు కింగ్ ఆలివర్ దగ్గర, తర్వాత జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ నడిపిన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ బృందాల్లోనూ వాయించారు. ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన మరుగున పడకుండా నిలబడటం మాటలు కాదు. డాడ్స్ కింది స్వరాల్లో ఉండే ఆ గరుకుదనం, బ్లూస్ అనే విషాద గీతాల బరువు నాకు ప్రాణం. అయితే 1923లో ఆ రికార్డింగులకు మైకులు లేవు, శబ్దాన్ని పట్టే ఒక పెద్ద గొట్టం ముందు అందరూ చేరి వాయించారు. ఆ మసక శబ్దంలో క్లారినెట్‌ను పట్టుకోవాలంటే చెవికి కొంత అలవాటు కావాలి.

లూయిస్ రేవులో కూలి పని చేసిన మనిషి. 1944లో అక్కడే ఛాతీకి దెబ్బ తగిలింది. కోలుకుంటూ ఇంట్లో ఉండగా పాత జాజ్‌ను రికార్డు చేసే బిల్ రస్సెల్ తన యంత్రంతో ఆ ఇంటికే వెళ్లారు. బాంజో, బేస్ అనే తీగవాద్యాలు మాత్రమే తోడుగా లూయిస్ వాయించిన ‘బర్గండీ స్ట్రీట్ బ్లూస్’ అలా పుట్టింది. ఒక మనిషి మన పక్కన కూర్చుని మెల్లగా తన బాధ చెప్పుకున్నట్టే ఉంటుంది. ఆయన శ్రుతి అక్కడక్కడా తప్పుతుందని విమర్శ ఉంది. నిజమే, తప్పుతుంది. అయినా ఆ పాట విన్నాక నాకు ఆ లెక్క గుర్తుండదు.

వారసత్వం మాటకొస్తే లూయిస్‌దే పైచేయి. పాత జాజ్‌కు మళ్లీ ఆదరణ ఊపందుకునేలోపే, 1940లో, 48 ఏళ్లకే డాడ్స్ పోయారు. లూయిస్ 1968 దాకా ఉన్నారు. యూరప్‌లో, జపాన్‌లో కచేరీలు చేశారు, న్యూ ఆర్లియన్స్‌లో పాత జాజ్ కచేరీల వేదిక ప్రిజర్వేషన్ హాల్‌లో వాయించారు. ఇంగ్లండ్ కుర్రాళ్లు ఎందరో ఆయన్ని చూసే ఈ దారి పట్టారు. ఇంకో సంగతి: డాడ్స్ తమ్ముడు, డ్రమ్మర్ బేబీ డాడ్స్, 1944లో ట్రంపెట్ వాద్యకారుడు బంక్ జాన్సన్ రికార్డుల్లో లూయిస్‌తో కలిసి వాయించారు.

అందుకే ముందు లూయిస్‌ను వినమంటాను. రెండు మూడు రోజులు ‘బర్గండీ స్ట్రీట్ బ్లూస్’ ఒక్కటే వినండి. తర్వాత డాడ్స్, ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి వాయించిన 1927 నాటి ‘పొటాటో హెడ్ బ్లూస్’ పెట్టుకోండి. ఆర్మ్‌స్ట్రాంగ్ సోలో కోసమే చాలామంది దాన్ని వింటారు. దానికి ముందు వచ్చే డాడ్స్ క్లారినెట్‌ను మాత్రం దాటేయకండి.