స్టీరింగు బిగుసుకునే కారుతో పదమూడేళ్ళు

నా కారు నంబరు ఏపీ 24తో మొదలవుతుంది. అంటే రాష్ట్రం ఏర్పడక ముందు, 2012లో, నల్లగొండలోనే రిజిస్టరైన బండి. మైలేజీ, డిక్కీ, ఏసీ సంగతులు అందరూ రాసినవే కనుక వాటి జోలికి పోను. ఆ కారును నేను కొన్నదే స్టీరింగు కోసం. ఎడమ భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని రోజుల్లో, ఒంటి చేత్తో తిప్పినా తిరిగే ఆ పవర్ స్టీరింగు చూసి ముచ్చటపడి తీసుకున్నాను; కనబడిన వారందరికీ కొన్నేళ్ళపాటు దాని గుణగణాలే చెప్పాను. ఇప్పుడు నా ఫిర్యాదు కూడా దాని మీదే. కంపెనీ పేరు మాత్రం చెప్పను.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఒక సాయంత్రం మిర్యాలగూడ నుంచి తిరిగి వస్తున్నాను. వాన వదలకుండా కురుస్తుండటంతో వైపర్లు, హెడ్‌లైట్లు, ఏసీ అన్నీ నడుస్తూనే ఉన్నాయి. దారి పొడవునా ఏ ఇబ్బందీ లేదు. ఊళ్ళోకి వచ్చి, క్లాక్ టవర్ సెంటరు దగ్గర వేగం తగ్గించి మలుపు తిప్పబోయేసరికి డాష్‌బోర్డులో స్టీరింగు బొమ్మ ఉన్న దీపం వెలిగింది, ఆ వెంటనే స్టీరింగు రాయిలా బిగుసుకుంది. వెనక ఆర్టీసీ బస్సు ఆగకుండా హారను మోగిస్తోంది. ఇలాంటప్పుడు బండి పూర్తిగా అదుపు తప్పదు. స్టీరింగు కడ్డీకీ చక్రాలకూ ఉన్న ఇనుప లంకె అలాగే ఉంటుంది, సాయం చేసే మోటారు మాత్రమే పని మానేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలిసినంత మాత్రాన భుజం ఊరుకుంటుందా? ఇంటికి చేరిన తరువాత రెండు రోజులు చొక్కా వేసుకోవడానికి కూడా మనిషి సాయం కావలసి వచ్చింది.

సర్వీసు కేంద్రంలో స్కానరు తగిలించి చూసి, మోటారుతో సహా స్టీరింగు కాలమ్ మొత్తం మార్చాలని చెప్పి, 34,000 రూపాయల అంచనా కాగితం చేతిలో పెట్టారు. మోటారు గానీ, మనం ఎంత బలంతో తిప్పుతున్నామో దానికి తెలిపే సెన్సారు గానీ విడిగా దొరకవట. బ్యాటరీని, ఎర్తును (బ్యాటరీ మైనస్‌ను కారు బాడీకి కలిపే తీగను) మీటరు పెట్టి చూశారా అని అడిగితే, సెల్ఫ్ బాగానే అందుకుంటోంది కదా, ఇంక చూసేదేముంది అన్నారు. నా కోపమంతా ఆ ఒక్క మాట మీదే. అందులో తప్పేమిటో మా వీధి చివరి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర గాని నాకు అర్థం కాలేదు.

ఆయన స్టీరింగును ముట్టుకోనేలేదు. మీటరు ఒక పిన్నును బ్యాటరీ మైనస్‌కు, రెండవదాన్ని కారు బాడీకి ఆనించి, లైట్లూ ఏసీ వేసి, బండి నిలిచి ఉండగానే స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పమన్నారు. సున్నాకు దగ్గరగా ఉండవలసిన అంకె రెండున్నర వోల్టుల దాకా పోయింది, అంటే అంత వోల్టేజీ ఎర్తు దారిలోనే పోతోందన్నమాట. తరువాత ఒక జంపర్ వైరుతో బ్యాటరీ మైనస్‌ను బాడీకి నేరుగా కలిపి, ఇంజను ఆపి మళ్ళీ సెల్ఫ్ కొట్టమన్నారు. దీపం ఆరిపోయింది, స్టీరింగు పాత రోజుల్లో లాగా తిరిగింది. “స్టీరింగుకు ఏం కాలె సార్, దానికి కరెంటు సక్కగ అందుత లేదు, గంతే” అన్నారు.

నా కారులో బ్యాటరీ మైనస్ నుంచి రెండు తీగలు బయలుదేరతాయి. లావుపాటిది ఇంజనుకు పోతుంది, సెల్ఫ్ మోటారు పనిచేసేది దానితోనే. సన్నది బాడీకి పోతుంది, స్టీరింగు మోటారు ఆధారపడేది దీని మీద. అందుచేత సెల్ఫ్ అందుకున్నంత మాత్రాన బాడీ ఎర్తు బాగున్నట్టు కాదు. హెడ్‌లైట్లు రెండూ కలిసి సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటే, నిలిచి ఉన్న బండిలో స్టీరింగు తిప్పేటప్పుడు ఆ మోటారు 30 ఆంపియర్లకు పైగా లాగగలదు. వేగంగా పోయేటప్పుడు దానికి పెద్దగా పని ఉండదు కనుకనే మిర్యాలగూడ రోడ్డు మీద రాని తంటా క్లాక్ టవర్ దగ్గర వచ్చింది. బోరు మోటార్లు లో వోల్టేజీకి గుర్రుమనడం ఎరిగిన జిల్లా మనది, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ స్టీరింగు మోటారును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే కంట్రోల్ యూనిట్, ముందే తప్పుకొని మోటారును ఆపేస్తుంది.

బ్యాటరీ ట్రే విప్పితే దాని అడుగున ఎర్తు బోల్టు ఆకుపచ్చ, తెలుపు పొడి కట్టి కనిపించింది. అల్లిక తీగలో సగం పోగులు తెగి ఉన్నాయి. యాసిడ్ చెమ్మ, వాననీరు రెండూ కారే చోటనే, ట్రే విప్పితే తప్ప కంటికి కనబడకుండా ఆ బోల్టును పెట్టిన ఇంజనీరు మీద నాకు ఇప్పటికీ మంటే. ఎమరీ పేపరుతో గీకి, తీగ కొసకు బోల్టు పట్టే కొత్త లగ్గు వేసి, మరో తీగ అదనంగా బిగించినందుకు 650 రూపాయలు తీసుకున్నారు.

ఆ 650 కథను నేను ఊరంతా చెప్పుకున్నాను. దాన్ని కొంచెం సవరించుకోవలసి ఉంది. తొమ్మిది నెలలకు దీపం మళ్ళీ వెలిగింది, ఈసారి బ్యాటరీయే నీరసించింది, 4,700 పోయింది. మొన్న యాసంగి వడ్ల బస్తాలు షెడ్డులో కారు పక్కనే వేయించినందుకు ఎలుకలు కంట్రోల్ యూనిట్‌కు పోయే తీగల కట్టను కొరికిపెట్టాయి, ఆ తప్పు కారుది కాదు. తీగలు అతికించిన తరువాత కూడా మలుపు నుంచి తిన్నగా వచ్చేటప్పుడు స్టీరింగు ఒక్కొక్కసారి చిన్నగా అదురుతోంది. సెన్సారు అరుగుతోందేమో అని ఎలక్ట్రీషియనే అంటున్నారు. అంటే సర్వీసు కేంద్రం వారి మాట పూర్తిగా అబద్ధమూ కాకపోవచ్చు. ఆ 34,000 కాగితాన్ని నేనింకా పారెయ్యలేదు.

నేను తిరిగేది ఎక్కువగా ఊళ్ళోనే, నెలకొకసారి మిర్యాలగూడ, ఎప్పుడైనా దేవరకొండ. ఎలక్ట్రీషియన్ నడిచిపోయేంత దూరంలో ఉన్నారు. నాకు ఈ బండి సరిపోతుంది. రోజూ రాత్రిపూట 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదుకు పోయి వచ్చే వారికి మాత్రం నేను చెప్పలేను. ఇలాంటి పాత కారు కొనబోయేవారు లైట్లూ ఏసీ వేసి, నిలిచిన బండిలో స్టీరింగును రెండు కొసలకూ నాలుగైదుసార్లు తిప్పి, ఆ దీపాన్ని గమనించిన తరువాతే బేరం మొదలుపెట్టడం మంచిది. నా బండికి 2027లో పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించవలసి వస్తుంది. చేయించాలా వద్దా అన్నది అప్పటికి సెన్సారు, నా భుజం ఎలా ఉన్నాయో చూసి తేల్చుకుంటాను.